ల్యాబ్ సేఫ్టీ బాధ్యత నా నెత్తిన పడింది, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

బీకరుబాబు:

అందరికీ నమస్తే. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రతి ల్యాబూ ఒక సేఫ్టీ ప్రతినిధి పేరు ఇవ్వాలని మా డిపార్ట్‌మెంట్‌కి సర్క్యులర్ వచ్చింది, సీనియర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ రోజు మీటింగ్‌లో లేని నా పేరు రాసి పంపేశారు. ఇప్పుడు యూనివర్సిటీ సేఫ్టీ ఆఫీసు వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తారట. చేతికి ఒక పెద్ద చెక్‌లిస్ట్, పాత ప్రతినిధి వదిలి వెళ్ళిన ఫైలు వచ్చాయి.

ఫైలు చూస్తే మా ల్యాబంత గొప్ప ల్యాబ్ ఇంకోటి లేదు. ఇండక్షన్ ట్రైనింగ్ సంతకాలు, ఫైర్ డ్రిల్ సంతకాలు, కళ్ళద్దాలు అందుకున్నట్టు సంతకాలు అన్నీ ఉన్నాయి, అందులో సగం ఒకే ఇంకు ఒకే రోజు. గదిలోకి వస్తే వేరే కథ. విషపు ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్లు రెండుంటే వాటిలో ఒకటి పూర్తిగా స్టోర్ రూమ్ అయిపోయింది, సీసాలు వెనక గోడ దాకా పేర్చి ఉన్నాయి. కంట్లో ఏదైనా పడితే కడుక్కునే ఐవాష్ ముందు అట్టపెట్టెలు. సింక్ కింద అరలో లేబుల్ చెరిగిపోయిన పాత సీసాలు, వాటిలో ఒకదాని మూత చుట్టూ తెల్లగా ఏదో పేరుకుని ఉంది. వేస్ట్ సాల్వెంట్‌కి ఒకే ఒక్క డబ్బా, ఎవరికి ఏది మిగిలితే అది అందులోకే.

సీనియర్లకి చెబితే నవ్వుతారు, గైడ్ సర్‌ని కదిలిస్తే "నువ్వే చూసుకో అమ్మా" అంటారు. ఇన్‌స్పెక్షన్ గట్టెక్కించడం ఎలా అని కాదు నేను అడిగేది. నిజంగా దేంతో మొదలుపెట్టాలి, అసలు నాకు ఎవరినైనా ఆపే హక్కు ఏమైనా ఉందా, లేక నేను ఇంకో సంతకం మాత్రమేనా?

పాతసేఫ్టీ:

అమ్మా, ముందు ఆ మూత చుట్టూ తెల్లగా పేరుకున్న సీసా సంగతి. దాన్ని ముట్టుకోవద్దు, జరపొద్దు, లేబుల్ చదవడానికి తిప్పి చూడొద్దు. ఇది మిగతా అన్నిటికంటే ముందు. ఆ అర తలుపు మీద ఒక కాగితం అంటించి, ఈ రోజే మీ సేఫ్టీ ఆఫీసుకి ఫోన్ చేయండి. డైఇథైల్ ఈథర్, టీహెచ్‌ఎఫ్, డయాక్సేన్, డైఐసోప్రొపైల్ ఈథర్ లాంటి సాల్వెంట్లు గాలి తగులుతూ పాతబడితే పెరాక్సైడ్లు తయారవుతాయి, అవి స్ఫటికాలుగా మూత మరల్లో చేరితే మూత తిప్పేటప్పటి రాపిడి చాలు పేలడానికి. పిక్రిక్ యాసిడ్ అయితే ఇంకో రకం, దాన్ని నీళ్ళతో తడిపి ఉంచుతారు, ఏళ్ళ తరబడి పడి ఉండి ఎండిపోతే అదే పేలుడు పదార్థం. మీ సీసాలో ఉన్నది ఇవేవీ కాకపోవచ్చు, ఉత్త అమ్మోనియం క్లోరైడ్ పొగ పేరుకున్నా అలాగే తెల్లగా ఉంటుంది. లేబుల్ లేదు కాబట్టి తెలిసేదాకా చెడ్డదనే అనుకోవాలి.

నేను చాలా కాలంగా ఒక యూనివర్సిటీ సేఫ్టీ ఆఫీసులో పని చేస్తున్నాను, కాబట్టి బల్లకి అవతలి వైపు నుంచి చెబుతున్నాను. చెక్‌లిస్ట్ పక్కన పెట్టండి. మీరు చివర్లో అడిగారే, ఆపే హక్కు ఉందా అని, అసలు ప్రశ్న అదే, అది తేలకుండా మిగతా పనంతా చేసినా నిలవదు. గైడ్ గారి దగ్గర రెండు లైన్ల కాగితం అడగండి: ప్రమాదం అనిపిస్తే ఫలానా వ్యక్తి పని ఆపించవచ్చు, ఆపినందుకు తర్వాత ఎవరూ ఏమీ అనరు, మళ్ళీ మొదలుపెట్టాలంటే గైడ్‌నైన నన్ను అడగాలి. ఇంతే. ఈమెయిల్ అయినా చాలు, ల్యాబ్ గ్రూప్ అందరికీ కాపీ వెళ్ళాలి. నోటిమాటగా "చూసుకో అమ్మా" అన్నది మాత్రం పనికిరాదు, ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే ఆ మాట అర్థం "నీకు అప్పజెప్పాం కదా" అని మారిపోతుంది.

కాగితం వచ్చాక, సీసాల లెక్క. స్టోర్స్ రిజిస్టర్ చూసి రాయకండి, అరలు చూసి రాయండి. ప్రతి సీసా మీద వచ్చిన తేదీ, తెరిచిన తేదీ. పెరాక్సైడ్ తయారయ్యేవాటికి ఈ రెండు తేదీలే ప్రాణం. డైఐసోప్రొపైల్ ఈథర్ తెరిచాక సాధారణంగా 3 నెలలకి మించి ఉంచరు, టీహెచ్‌ఎఫ్ లాంటివి కొన్ని నెలలకోసారి టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకుంటూ వాడతారు.

తర్వాత వేస్ట్ డబ్బా. ఒకే డబ్బా అని చదవగానే నాకు చెమట పట్టింది. నైట్రిక్ యాసిడ్ మిగిలింది తెచ్చి ఎసిటోనో ఆల్కహాలో ఉన్న డబ్బాలో పోసి మూత బిగించారంటే అప్పటికప్పుడు ఏమీ కాదు, అదే మోసం. మెల్లగా వాయువు తయారవుతూ ఉంటుంది, పోసినవాడు ఇంటికి వెళ్ళిపోయాక డబ్బా పగులుతుంది. నైట్రిక్‌కి వేరే డబ్బా, క్లోరిన్ లాంటి హాలోజన్ ఉన్న సాల్వెంట్లకి వేరే, లేనివాటికి వేరే, ప్రతి డబ్బాకీ వేలాడే చీటీ, పోసిన ప్రతివాడూ ఏం పోశాడో రాయాలి. గాలి వదిలే మూతలు దొరుకుతాయి, అడిగితే మీ సేఫ్టీ ఆఫీసే ఇవ్వచ్చు.

అట్టపెట్టెలు మాత్రం ఎవరినీ అడక్కుండా ఈ రోజే తీసేయండి. ఐవాష్ దగ్గరికి 10 సెకన్లలో చేరగలగాలి, అదీ కళ్ళు మూసుకుపోయి, నొప్పితో అరుస్తూ. చేరాక 15 నిమిషాలు కడుక్కోవాలి. వారానికోసారి తిప్పి వదలాలి, లేకపోతే పైపులో నిలిచిన తుప్పునీళ్ళే మొదట కంట్లో పడతాయి.

సగంపీహెచ్‌డీ:

పాతసేఫ్టీ గారు చెప్పిందంతా నిజమే కానీ ఆ రెండు లైన్ల కాగితం ఏ గైడ్ ఇస్తాడండీ. స్కాలర్‌షిప్ సంతకం ఆయనదే, థీసిస్ సంతకం ఆయనదే, రికమెండేషన్ లెటరూ ఆయనదే. ఆయన పేపర్ డెడ్‌లైన్ ఉన్న వారం నేను వెళ్ళి "సర్, ఈ రియాక్షన్ ఆపేద్దాం" అంటే ఆగేది రియాక్షన్ కాదు, నేను.

సేఫ్టీ ఆఫీసులు వచ్చి చూసి వెళ్తాయి, రిపోర్ట్ రాస్తాయి, అక్కడితో సరి. అమెరికాలో యూసీఎల్‌ఏ అనే యూనివర్సిటీ కేసు గుర్తుందా? 2008 డిసెంబరు 29, టెర్ట్ బ్యూటైల్ లిథియం సిరంజిలోకి తీస్తుంటే ప్లంజర్ బయటికి వచ్చేసింది, అది గాలి తగిలితే మండే పదార్థం. ఆ రీసెర్చ్ అసిస్టెంట్ ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెటర్ అంటుకుంది, పద్దెనిమిది రోజులకి చనిపోయింది. వయసు 23. అదే ల్యాబ్‌ని అక్టోబరులోనే ఇన్‌స్పెక్ట్ చేశారు, ల్యాబ్ కోట్లు వేసుకోవడం లేదని రాశారు కూడా. రాసిన కాగితం ఉంది, మంటలు వచ్చే రోజుకి కూడా సరిచేసింది లేదు. తర్వాత ప్రొఫెసర్ మీద క్రిమినల్ కేసు, యూనివర్సిటీ మీద కేసు, కొత్త రూల్స్, కొత్త కమిటీలు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

కాబట్టి బీకరుబాబు, నా సలహా వేరు. నీ ప్రాణం, నీ పక్క బల్ల వాళ్ళ ప్రాణం చూసుకో. వ్యవస్థని మార్చే పని నెత్తికెత్తుకోకు.

పాతసేఫ్టీ:

సగంపీహెచ్‌డీ గారూ, కోపం అర్థమైంది, కాదనను. కానీ మీరు చెప్పిన కేసే నా వైపు మాట్లాడుతోంది. అక్టోబరులో చూసినవాళ్ళకి కళ్ళున్నాయి, ఆపే చేయి లేదు.

దీనికి ఇంకా మంచి ఉదాహరణ అమెరికాలోని టెక్సస్ టెక్ యూనివర్సిటీ. 2010 జనవరిలో అక్కడ ఇద్దరు గ్రాడ్యుయేట్ విద్యార్థులు నికెల్ హైడ్రజీన్ పెర్క్లోరేట్ అనే పేలుడు పదార్థం తయారు చేస్తున్నారు. ఆ గ్రూపులో 100 మిల్లీగ్రాములకి మించి చేయొద్దని ఒక మాట ఉండేది, మాటగానే ఉండేది, ఎక్కడా రాసి లేదు. పరీక్షలన్నిటికీ ఒకే బ్యాచ్ సరిపోవాలని దాదాపు 10 గ్రాములు చేశారు, అంటే నూరు రెట్లు. ఉండలు ఉన్నాయని కల్వంలో నూరుతుంటే పేలింది. ఒకతని చేతివేళ్ళు మూడు పోయాయి, కంటికి దెబ్బ తగిలింది. అమెరికాలో రసాయన ప్రమాదాలని దర్యాప్తు చేసే కెమికల్ సేఫ్టీ బోర్డు 2011లో దాని మీద నివేదిక ఇచ్చింది. నా ఉద్యోగంలో ఉన్న ప్రతివాడూ చదవాల్సినది అది. పొడి సంగతి అందులో తక్కువే, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నదే ఎక్కువ. ఆ గ్రూపులోనే అంతకు ముందు జరిగినవి ఉన్నాయి, వాటిని రాసి మిగతావాళ్ళకి చెప్పే అలవాటు లేదు. సేఫ్టీ ఆఫీసు వాళ్ళు ల్యాబ్‌లోకి వస్తే మా పరిశోధనా స్వేచ్ఛలో వేలు పెడుతున్నారని ప్రొఫెసర్లు అనుకోవచ్చు, అందుకే సేఫ్టీ ఆఫీసు నేరుగా అధికారం ఉన్న పెద్ద వ్యక్తికే రిపోర్ట్ చేసేలా ఉండాలని బోర్డు తేల్చింది.

గైడ్ కాగితం ఇవ్వకపోతే ఏం చేయాలంటారా, హెచ్‌ఓడీని అడగండి, ఆయనా ఇవ్వకపోతే సేఫ్టీ ఆఫీసునే డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒక నోట్ పంపమనండి. ఒక ల్యాబ్ పేరుతో రాకుండా అందరికీ వస్తే ఎవరి గైడూ నొచ్చుకోడు. నేనే అలాంటివి ఎన్నో పంపాను, వెనక అడిగింది ఏ విద్యార్థో ఎవరికీ తెలియదు.

లేత్‌మాస్టర్:

ఇక్కడ అందరూ కెమిస్ట్రీ గురించే మాట్లాడుతున్నారు, మాదీ ఒక డిపార్ట్‌మెంటేనండీ. మెకానికల్ వర్క్‌షాప్‌లో టెక్నీషియన్‌ని. యూనివర్సిటీ సేఫ్టీ అనగానే తెల్ల కోటు, కళ్ళద్దాలు, పొగ వచ్చే ఫ్లాస్కు బొమ్మ వేస్తారు. మా దగ్గర ఆ కోటు వేసుకుని లేత్ దగ్గరికి వస్తే వెనక్కి పంపేస్తాను. వదులు చేతులు, చున్నీ, జడ, తాడు ఉన్న ఐడీ కార్డు, ఉంగరం, ఏదీ వద్దు. గ్లవ్స్ అసలే వద్దు. పిల్లలకి ఇది అర్థం కాదు, గ్లవ్స్ అంటే రక్షణ కదా సార్ అంటారు. లేత్‌లో పనిముక్కని బిగించి తిప్పే చక్ గ్లవ్ కొసని పట్టుకుందంటే గ్లవ్ ఒక్కటే రాదు, చేయి మొత్తం వెళ్తుంది.

2011 ఏప్రిల్‌లో యేల్ యూనివర్సిటీలో ఒక విద్యార్థిని రాత్రి పూట ఒక్కతే లేత్ మీద పని చేసుకుంటుంటే జుట్టు చిక్కుకుని చనిపోయింది. ఫైనలియర్, చదువులో చాలా తెలివైన పిల్ల అని రాశారు. మెషీన్‌కి ఎమర్జెన్సీ స్టాప్ ఉన్నా లేకున్నా, నొక్కడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. మా షాపులో అందుకే ఒక్కటే రూల్ గట్టిగా పెట్టాను: రెండో మనిషి లేకుండా మెయిన్ ఆన్ కాదు, తాళం నా దగ్గరే. ప్రాజెక్ట్ గడువు అని ఎంత బతిమాలినా సరే. నాకు డిగ్రీలు లేవు, ప్రొఫెసర్ల ముందు నిలబడి వాదించలేను, కానీ తాళం ఉంది. పాతసేఫ్టీ గారు చెప్పిన ఆపే హక్కు అంటే నాకు అదే.

ఇంకో సంగతి, ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా. రాత్రి మీరు వెళ్ళాక గది ఊడ్చేది ఎవరు? వాళ్ళకి ట్రైనింగ్ ఎవరిచ్చారు? ల్యాబ్ చెత్తబుట్టలో పగిలిన గాజు, వాడిన సూది, సగం మిగిలిన ట్యూబు వేసేది పీహెచ్‌డీ వాళ్ళు, చేయి పెట్టి తీసేది ఊడ్చేవాళ్ళు. ఆ ఊడ్చే ఆవిడకి సీసా మీద పుర్రె బొమ్మ ఎందుకు ఉందో ఎవరైనా ఆమె భాషలో చెప్పారా? మీ ఫైల్లో వాళ్ళ సంతకం ఎక్కడైనా ఉందా చూడండి.

ఎలుకలగది:

లేత్‌మాస్టర్ గారి చివరి పేరా చదివి లాగిన్ అయ్యాను. యానిమల్ హౌస్‌లో పని. ప్రమాదం అంటే పేలడం, కాలడం, తెగడం అనే అందరూ అనుకుంటారు, మెల్లగా వచ్చేవాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎలుకల మూత్రంలో ఉండే ప్రొటీన్లు ఎండి దుమ్ముతో పాటు గాల్లో కలుస్తాయి, బోనుల్లో పొట్టు మార్చేటప్పుడు అవే పీలుస్తాం. మొదట తుమ్ములు, కళ్ళ దురద, జలుబు చేసిందేమో అనుకుంటాం. కొందరికి అది ఆస్తమా దాకా వెళ్తుంది, ఒకసారి వెళ్ళాక ఇక ఆ గదిలో పని చేయడమే కుదరదు. మాతో పని చేసిన ఒకామె అలాగే వేరే విభాగానికి మారిపోయింది, సెలవుల్లో తగ్గిపోయి తిరిగి రాగానే మొదలయ్యేది, ఆ లెక్క పట్టుకున్నది ఆమే తప్ప డాక్టర్ కాదు.

అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడే ఒకసారి ఊపిరి పరీక్ష చేసి ఉంచాలి, తర్వాత ఏటా పోల్చుకోవాలి. మొదటి కొలత లేకపోతే ఎంత తగ్గిందో ఎలా తెలుస్తుంది? అనాటమీ వాళ్ళకి ఫార్మలిన్ సంగతి కూడా ఇంతే, ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని ఎప్పుడో తేలింది, అయినా అలవాటైపోయి వాసనే రావడం లేదు సార్ అంటారు. ముక్కు అలవాటు పడింది, అంతే.

రక్తం, సూదులతో పని చేసేవాళ్ళకి హెపటైటిస్ బి టీకా వేయించారా అని కూడా అడగండి. సూదికి మళ్ళీ మూత పెట్టొద్దని గోడ మీద ఉంటుంది, పెడుతూనే ఉంటారు.

ప్రాక్టికల్_పంతులు:

కాస్త ఎదురు మాట్లాడతాను, తిట్టుకోవద్దు. నేను ఫ్యాకల్టీ. సేఫ్టీ ఆఫీసు పెట్టే ఆన్‌లైన్ ట్రైనింగ్ చరిత్ర శాఖ గుమస్తాకీ, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే నా విద్యార్థికీ ఒకటే. నిచ్చెన ఎలా ఎక్కాలో ఇరవై స్లైడులు, నా విద్యార్థికి అసలు తెలియాల్సిన, ఆ యాసిడ్ ఒంటి మీద పడితే రాసే కాల్షియం గ్లూకొనేట్ జెల్ గురించి ఒక్క ముక్క లేదు. పలచటి హెచ్‌ఎఫ్ పడితే మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చని, గంటల తర్వాత లోపల ఎముక దాకా వెళ్తుందని అతనికి నేనే చెప్పుకున్నాను. అందరూ స్లైడులు గబగబా నొక్కేసి సర్టిఫికెట్ తీసుకుంటారు. అన్నిటికీ ఒకే బరువు ఇస్తే దేనికీ బరువు లేనట్టే. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి నేల మీద ఉందని, ఒక సీసా లేబుల్ మీద తేదీ లేదని ఒకే రంగులో రాసి పంపితే నేను ఏది ముందు చూడాలి?

గైడ్లందరూ రాక్షసులేం కాదు బాబూ. మాకూ భయమే. భయం చెప్పుకోడానికి వస్తే ఫారాలు చేతికిస్తారు.

పాతసేఫ్టీ:

పంతులు గారూ, ఆ స్లైడుల గురించి మీరు అన్నదానికి నేను సంతకం పెడతాను. ట్రైనింగ్ ఎంతమంది పూర్తి చేశారన్న శాతం మా పై వాళ్ళకి చూపించడం తేలిక, అందుకే అది పెరిగింది. ఎవరైనా ఏమైనా నేర్చుకున్నారా అన్నది చూపించడం కష్టం. నన్ను అడిగితే సాధారణ ట్రైనింగ్ అరగంటకి కుదించి, మిగతా సమయం ఆ ల్యాబ్‌లోనే, ఆ ల్యాబ్ వాడే నాలుగు ప్రమాదకరమైన పనుల మీద నిలబడి మాట్లాడాలి. ఈ ప్రయోగంలో చెడ్డది జరిగితే అది ఎలా జరుగుతుంది, నూరు మిల్లీగ్రాములు గ్రాము అయితే ఏం మారుతుంది, ఇంతకు మించి పెంచాలంటే ఎవరిని అడగాలి. ఒక పేజీ చాలు. రాసేది ఆ ప్రయోగం చేసే మనిషే అయ్యుండాలి.

గ్లవ్స్ మాట వచ్చింది కాబట్టి, పలచటి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని డైక్లోరోమీథేన్‌లో చేయి పెట్టేవాళ్ళని రోజూ చూస్తాను, అది నిమిషాల్లో లోపలికి వచ్చేస్తుంది. 1996లో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కరెన్ వెటర్‌హాన్ చేతి మీద డైమిథైల్ మెర్క్యురీ కొన్ని చుక్కలు పడ్డాయి, లేటెక్స్ గ్లవ్స్ వేసుకునే ఉన్నారు, ఫ్యూమ్ హుడ్‌లోనే చేస్తున్నారు, అప్పటి పద్ధతి ప్రకారం అంతా సరిగ్గానే చేశారు. విషం లక్షణాలు నెలల తర్వాత గానీ బయటపడలేదు, 1997 జూన్‌లో చనిపోయారు. లేటెక్స్ దాన్ని ఆపదని ఆ తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. ఆవిడ జాగ్రత్తలో లోటు లేదు, ఆ గ్లవ్ గురించి అప్పటికి తెలియనిది ఉంది. అందుకే డేటా షీట్ చూసేటప్పుడు "తగిన గ్లవ్స్ వాడండి" అని ఉంటే అక్కడ ఆగకండి, తయారీదారు చార్టులో ఆ రసాయనం పేరు పట్టుకుని ఎన్ని నిమిషాలు ఆపుతుందో చూడండి.

నైట్రోజన్‌నాని:

ఫిజిక్స్ నుంచి చిన్న ముక్క. లిక్విడ్ నైట్రోజన్ లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, గాల్లో ఆక్సిజన్ బాగా పడిపోతే మనిషి రెండు మూడు ఊపిరుల్లో కూలిపోతాడు. అది నింపే డ్యూవార్ ఫ్లాస్కుని లిఫ్ట్‌లో పెడితే మనిషి దాంతో ఎక్కకూడదు, పై అంతస్తులో ఇంకొకడు నిలబడి అందుకోవాలి, మధ్యలో ఎవరూ ఎక్కకుండా బోర్డు తగిలించాలి. చిన్న గదిలో నింపుతుంటే ఆక్సిజన్ మీటరు ఉండాలి, 19.5 శాతం కంటే తగ్గితే అలారం. మా దగ్గర మీటరు ఉంది. అరుస్తోందని ఎవడో బ్యాటరీ తీసేశాడు.

బీకరుబాబు:

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. మొదట ఆ సీసా. సేఫ్టీ ఆఫీసుకి ఫోన్ చేస్తే అదే రోజు వచ్చారు, గది ఖాళీ చేయించారు, మొహానికి షీల్డ్ పెట్టుకుని ఒకాయన తీశారు, నేను కారిడార్‌లో నిలబడ్డాను కాబట్టి ఏం చూశారో తెలియదు, పాత ఈథర్ అని మాత్రం చెప్పారు. దాని తర్వాత సీనియర్లు నవ్వడం మానేశారు, అది మాత్రం నిజం. లేత్‌మాస్టర్ గారూ, ఫైలంతా వెతికాను, ఊడ్చే ఆవిడ సంతకం ఒక్కచోటా లేదు. ఆవిడని పిలిచి ఏ బుట్టలు ముట్టుకోవద్దో చూపించాను, పగిలిన గాజుకి వేరే డబ్బా పెట్టించాను.

రెండు లైన్ల కాగితం పంతులు గారు చెప్పినట్టు భయం వైపు నుంచి అడిగాను. "సర్, ఏదైనా అయితే మొదట మీ పేరే వస్తుంది కదా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, సాయంత్రానికి మెయిల్ పంపారు.

ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, జరగబోయి తప్పిపోయినవి రాయించడం ఎలా? పుస్తకం పెట్టాను, ఎవరూ ముట్టుకోవడం లేదు. రెండు, ఖాళీ చేసిన హుడ్ ముందు టిష్యూ పేపర్ పట్టుకుంటే లోపలికి లాగడమే లేదు, ఫ్యాన్ మాత్రం మోగుతోంది.

పాతసేఫ్టీ:

కాగితం వచ్చిందంటే సగం పని అయింది.

పుస్తకంలో పేరు రాసే గడి ఉంటే చింపేయండి. ఏం జరిగింది, ఎక్కడ, ఏం మార్చాం, అంతే. మొదటి రెండు మూడు మీరే రాయండి, పక్కన ఏం మార్చారో కూడా. రాస్తే ఏదో బాగుపడుతుందని కనబడితే రాస్తారు, రాస్తే తిట్లు పడితే ఎవడు రాస్తాడు? వారం మీటింగ్‌లో డేటాకి ముందు ఒక నిమిషం దానికి ఇమ్మని సర్‌ని అడగండి. 2016 మార్చిలో హవాయి యూనివర్సిటీలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి నింపిన ట్యాంకు పేలి ఒక పోస్ట్‌డాక్ చేయి పోయింది. అంతకు ముందు ట్యాంకు తాకితే షాక్ కొట్టిందని ఆమె చెప్పింది, చిన్న ట్యాంకులో చిటపట శబ్దం కూడా వచ్చింది. చెప్పింది వినిపించుకుని పని ఆపే ఏర్పాటు అక్కడ లేదు.

హుడ్ సంగతి. ఫ్యాన్ మోగడం నమ్మకండి, బెల్ట్ జారిపోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, గాలి కదలదు. గాలి గొట్టంలో ఉండే మూత, డ్యాంపర్, మూసుకుపోయినా అంతే. తలుపు పని ఎత్తులో ఉంచి మీటరుతో కొలిపించండి, సెకనుకి దాదాపు అర మీటరు రావాలి. అప్పటిదాకా తలుపు పూర్తిగా దించి, వాడొద్దని చీటీ అంటించి, తేదీ, మీ పేరు రాయండి. ఆ చీటీ ఎవరైనా పీకేస్తే సర్ పంపిన మెయిల్ కింద రిప్లై కొట్టి, సేఫ్టీ ఆఫీసుని కాపీలో పెట్టండి. బాగయ్యాక కూడా సీసాలు మళ్ళీ లోపల పేర్చనివ్వకండి, పని చేసేది అంచు నుంచి కనీసం 15 సెంటీమీటర్లు లోపల. మెయింటెనెన్స్ వాళ్ళు వచ్చినప్పుడు పై కప్పు మీద ఫ్యాన్ దగ్గరికి ఎక్కుతారు కాబట్టి, ఆ పూట ఆ డక్ట్‌కి కలిసిన మిగతా హుడ్లలో కూడా ఎవరూ పని పెట్టుకోకుండా పక్క ల్యాబులకి ముందే చెప్పండి.